కీళ్ళవాతం: పథ్యం పేరుతో పస్తులు వద్దు

"సిస్టరమ్మగారూ, వంకాయ మానేశాను, గోంగూర మానేశాను, పప్పు మానేశాను, చేప ముట్టడం లేదు. ఇంకా ఏమి మానమంటారు?"

కీళ్ళవాతంతో ఆసుపత్రికి వచ్చే స్త్రీలు డాక్టరుగారి గది దాటి బయటికి వచ్చాక మా నర్సులను అడిగే ప్రశ్న ఇది. డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడతారు. ముప్పై ఏళ్ళకు పైగా వార్డులలో పని చేసినదానిగా ఈ ప్రశ్నను లెక్కలేనన్నిసార్లు విన్నాను. దీనికి నా జవాబు ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను. కీళ్ళవాతం ఉన్నవారు మానవలసిన ఆహారం బహు కొద్ది, తినవలసినది చాలా ఎక్కువ. ఆ తినడం కూడా డాక్టరు ఇచ్చిన మందుకు తోడుగా జరగాలి. మందు మానేసి పథ్యం పట్టినవారు నష్టపోతున్నారు. మందు వేసుకుంటూ పథ్యం పేరుతో అరకడుపుకు తినేవారూ నష్టపోతున్నారు. ఈ ఇద్దరిలోనూ ఎక్కువమంది స్త్రీలే.

ముందుగా ఇది ఏ జబ్బో తెలుసుకుందాం

మన వాడుకలో కీళ్ళలో ఏ నొప్పి వచ్చినా "వాతం" అంటాము. వయసు మీద పడ్డాక మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు. యూరిక్ ఆమ్లం పెరిగి కాలి బొటనవేలు ఒక్క రాత్రిలో ఎర్రగా వాచిపోయే జబ్బు వేరు. చికున్‌గున్యా జ్వరం తరువాత నెలల తరబడి పీడించే నొప్పులు వేరు. ఇక్కడ నేను చెబుతున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం గురించి.

మన శరీరాన్ని క్రిముల నుండి కాపాడవలసిన రక్షణ శక్తి పొరపాటున మన కీళ్ళలోని పల్చటి పొర మీదనే దాడి చేయడం ఈ జబ్బుకు మూలం. ఆ పొర వాచి, మందమై, క్రమంగా పక్కనున్న మృదులాస్థిని, ఎముకను తినివేస్తుంది. సాధారణంగా చేతివేళ్ళ కణుపులు, మణికట్లు, కాలివేళ్ళు రెండు వైపులా వాస్తాయి. తెల్లవారి లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి, గంటసేపైనా గాని సడలవు. జడ వేసుకోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, కుళాయి తిప్పడం కష్టమవుతుంది. పురుషులకంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ముప్పై నుండి అరవై ఏళ్ళ మధ్య, అంటే ఇంటి భారమంతా మోసే వయసులో, మొదలవడం ఎక్కువ.

ఇది చల్లని నీళ్ళలో పని చేసినందువల్ల వచ్చినది కాదు. బాలింత పథ్యం సరిగ్గా చేయనందువల్ల వచ్చినదీ కాదు. "నీ నోటి చపలత్వం వల్లనే నీకిది వచ్చింది" అని కోడలిని, భార్యను దెప్పేవారు ఈ సంగతి దయచేసి గ్రహించాలి. వంశంలో ఉన్న గుణం, పొగ త్రాగడం వంటివి ఈ జబ్బుకు దారి వేస్తాయని తెలిసింది. వంకాయ కూర వల్ల వస్తుందని మాత్రం ఎవరూ కనుగొనలేదు.

మొదటి నెలలు ఎందుకంత విలువైనవి

కీళ్ళవాతంలో ఎముక అరగడం చాలామందిలో మొదటి రెండేళ్ళలోనే మొదలవుతుంది. ఒకసారి వంకర తిరిగిన వేలిని ఏ మందూ, ఏ ఆకూ తిరిగి నిటారు చేయలేదు. అందుచేత వాపు కనిపించిన మొదటి మూడు నుండి ఆరు నెలలలో సరియైన మందు మొదలుపెట్టగలిగితే ఫలితం చాలా బాగుంటుంది. నొప్పి బిళ్ళలు నొప్పిని తగ్గిస్తాయి గాని ఎముక అరుగుదలను ఆపవు. ఆపే మందులు మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, లెఫ్లునమైడ్ వంటివి. ఇవి పని చూపడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. మన కష్టమంతా ఇక్కడే ఉన్నది. పది రోజులు వేసుకొని, "ఈ మందు పట్టలేదు" అని మానేసి, ఎవరో చెప్పిన పొడి కోసం బస్సెక్కుతారు. ఒక ఏడాది పథ్యం, ఒక ఏడాది పసరు మందు, ఒక ఏడాది ఎవరో ఇచ్చిన తైలం అయ్యాక మా దగ్గరికి వస్తారు. అప్పటికి వేళ్ళు పక్కకు వాలిపోయి ఉంటాయి.

ఆహారం వల్ల మేలు లేదని నేను చెప్పడం లేదు. మేలు ఉన్నది. అయితే ఆ మేలు ఎంతవరకో తెలిసి వాడుకోవాలి. అమెరికాలోని రుమటాలజీ వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సలహాలలో కీళ్ళవాతం ఉన్నవారికి వ్యాయామాన్ని గట్టిగా సిఫారసు చేసింది. ఆహారం విషయంలో మధ్యధరా సముద్రతీరపు భోజన పద్ధతిని కొంత మెతకగా సిఫారసు చేసింది. తక్కిన ప్రత్యేక పథ్యాలను, బలం మాత్రలను, పొడులను దాదాపుగా వద్దన్నది. ఆ సలహాలు మందులకు తోడుగా ఇచ్చినవే.

ఆ మధ్యధరా భోజనంలో ఏమున్నదో చూడండి. పొట్టు తీయని ధాన్యాలు, పప్పుదినుసులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, గింజలు, చేపలు ఎక్కువ. మాంసం, చక్కెర తక్కువ. నూనె ఆలివ్ నూనె. ఆ నూనె మనకు అందదని దిగులు పడనక్కరలేదు. తక్కిన వరుస అంతా మన పొలాలలో, చెరువులలో, సముద్రంలో ఉన్నదే. జొన్న రొట్టె, పప్పు, తోటకూర వేపుడు, చేపల పులుసు, గుప్పెడు పల్లీలు, ఒక జామకాయ. మన అమ్మమ్మలు తిన్న భోజనమిది. పాలిష్ పట్టిన తెల్లన్నం, ఆవకాయ, టీ నీళ్ళ మీద బ్రతకడం తరువాత వచ్చిన అలవాటు.

పథ్యం ఎవరి కంచంలో నుండి తీస్తున్నది

మన ఊళ్ళలో కీళ్ళవాతానికి చెప్పే పథ్యం జాబితాను ఒకసారి కాగితం మీద వ్రాసి చూడండి. పప్పు వాతం. చేప వేడి. గుడ్డు వేడి. గోంగూర వాతం. పెరుగు శీతలం. దుంపలు వాతం. చింతపండు పనికిరాదు. ఇవన్నీ తీసివేశాక ఆ ఇల్లాలి కంచంలో మిగిలేది తెల్లన్నం, మిరియాల చారు. మాంసకృత్తులు పోయాయి, ఇనుము పోయింది, కాల్షియం పోయింది.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. కీళ్ళవాతం తనంతట తాను కూడా రక్తాన్ని తగ్గిస్తుంది, కండను కరిగిస్తుంది. అటువంటి శరీరానికి పప్పు, గుడ్డు, చేప వద్దనడం మండుతున్న ఇంటి ముందు నీళ్ళ కుండ పగలగొట్టడం వంటిది.

పప్పు, పాలకూర, చేప తగ్గించమనే సలహాలలో కొన్ని యూరిక్ ఆమ్లం జబ్బువారికి చెప్పినవి. ఎవరికో చెప్పిన పథ్యం నోటి మాటగా కీళ్ళవాతం వారందరికీ పాకింది. మీకున్నది ఏ జబ్బో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఒకరి పథ్యం మరొకరు పట్టకండి.

ఒక పదార్థం తిన్నప్పుడల్లా తనకు నొప్పులు పెరుగుతున్నాయని ఎవరైనా చెబితే నేను కొట్టిపారేయను. కొందరికి అలా ఉండవచ్చు. దానికి ఒక పద్ధతి ఉన్నది. అనుమానం ఉన్న ఒక్క పదార్థాన్ని మాత్రమే మూడు నాలుగు వారాలు మానండి. ప్రతిరోజు ఉదయం వేళ్ళు ఎంతసేపు బిగుసుకొని ఉన్నాయో క్యాలెండరు మీద వ్రాసుకోండి. ఆ తరువాత ఆ పదార్థాన్ని మళ్ళీ తిని చూడండి. నొప్పి పెరగకపోతే ఆ కూర మీకు శత్రువు కాదు. అన్నిటినీ ఒకేసారి మానేస్తే ఏది మేలో ఏది కీడో ఎన్నటికీ తెలియదు.

కంచంలోకి తిరిగి రావలసినవి

మాంసకృత్తులు: రెండు పూటలా కప్పు పప్పు, లేక ఉలవలు, పెసలు, శనగలు. తినేవారైతే రోజుకొక గుడ్డు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

కాల్షియం: రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్నది. తెల్ల బియ్యంలో సుమారు 10 మాత్రమే. స్టెరాయిడ్ మాత్రలు వాడేవారి ఎముకలు గుల్లబారుతాయి గనుక వారికి రాగి జావ, పాలు, పెరుగు, నువ్వులు మరీ అవసరం. ఉదయం పది నిమిషాల ఎండ కూడా మంచిది.

ఇనుము: తోటకూర, గోంగూర, మెంతికూర, పప్పులు. వాటి మీద నిమ్మరసం పిండుకుంటే, ఒక జామకాయో ఉసిరికాయో తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ త్రాగితే ఒంటబట్టదు. టీకి గంట వ్యవధి ఇవ్వండి.

చేపలు: నూనె ఎక్కువగా ఉండే కవళ్ళు, కానాగంతలు వారానికి రెండుసార్లు తినండి. ఇవి సముద్రపు చేపలలో చవకైనవి. వేపుడు కంటే పులుసు మేలు.

ఉప్పు, పంచదార, నూనె తగ్గించాలి. కీళ్ళవాతం ఉన్నవారికి గుండెజబ్బు వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. స్టెరాయిడ్, నొప్పి బిళ్ళలు వాడేవారికి బి.పి., షుగరు కూడా పెరగవచ్చు. బరువు ఎక్కువ ఉన్నవారు తగ్గితే మోకాళ్ళకు, మందు పనికి రెండింటికీ మంచిది.

నిజంగా మానవలసినది ఒకటి ఉన్నది, అది పొగాకు. పొగ త్రాగేవారిలో ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది, వచ్చాక తీవ్రంగా ఉంటుంది, మందులు సరిగా పని చేయవు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ త్రాగే పెద్దమ్మలు ఇప్పటికీ ఉన్నారు. చేపను మానిపించి చుట్టను నోట ఉంచనిచ్చే పథ్యం తలక్రిందుల పథ్యం.

చేపనూనె, పసుపు, ఉపవాసం

ఈ మూడింటి గురించి ఎక్కువమంది అడుగుతారు గనుక విడిగా చెబుతాను.

చేపనూనె వల్ల నొప్పి, ఉదయపు బిగుతు కొంత తగ్గినట్లు, నొప్పి బిళ్ళల అవసరం తగ్గినట్లు పరిశోధనలు చూపాయి. అయితే ఆ పరిశోధనలలో ఇచ్చిన మోతాదు రోజుకు సుమారు 3 గ్రాముల ఒమేగా-3, అదీ మూడు నెలలు. మందుల షాపులో దొరికే 1000 మిల్లీగ్రాముల మామూలు గుళికలో ఒమేగా-3 సుమారు 300 మిల్లీగ్రాములే. అంటే రోజుకు పది గుళికలు. ఒక గుళిక వేసుకొని అద్భుతం కోసం ఎదురుచూడటం, ఆ డబ్బు కోసం మెథోట్రెక్సేట్ మానడం తెలివైన పని కాదు. రక్తం పలచబరిచే మందు వాడేవారు డాక్టరును అడగకుండా అంత మోతాదు తీసుకోకూడదు.

పసుపులో వాపు తగ్గించే గుణం ఉన్న కర్క్యుమిన్ అనే పదార్థం ఉన్నది. చిన్న చిన్న పరిశోధనలలో కొంత మేలు కనిపించింది. అయితే పసుపులో అది నూటికి సుమారు 3 వంతులే. కూరలో వేసే చిటికెడు పసుపు మంచిదే, దానితో వేళ్ళ వాపు తగ్గుతుందని మాత్రం ఆశించలేము. గాఢంగా చేసిన పసుపు మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బ తిన్నట్లు వైద్యులు నమోదు చేశారు. మెథోట్రెక్సేట్ కూడా కాలేయం మీద భారం వేసే మందే గనుక ఆ మాత్రలు డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు.

ఉపవాసం సంగతి. నార్వే దేశపు వైద్యులు 1991లో ప్రకటించిన ఒక పరిశోధనలో రోగులకు వారం పది రోజులు ఉపవాసం, తరువాత కొన్ని నెలలు పూర్తి శాకాహారం, ఆ తరువాత పాలతో కూడిన శాకాహారం ఇచ్చారు. ఏడాది పాటు వారు మెరుగ్గా ఉన్నారు. ఇది నిజం. అయితే ఆ ఉపవాసం వైద్యుల కనుసన్నలలో జరిగింది, తరువాతి భోజనం లెక్క ప్రకారం ఇచ్చారు. ఉపవాసం ఆపి మామూలు భోజనానికి వస్తే నొప్పులు తిరిగి వస్తాయని కూడా తెలిసింది. ఒక ముద్ద అన్నంతో నాలుగు పనులు చేసుకునే మన ఇల్లాలికి అది కొలత కాజాలదు. శ్రమల దినాలైనా, రంజాన్ అయినా, ఏకాదశి అయినా ఉపవాసం ఉండదలచినవారు ముందుగా చెప్పండి. మాత్రల వేళలు సర్దుతాము. ఖాళీ కడుపున నొప్పి బిళ్ళ వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి. స్టెరాయిడ్ మాత్రను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు వస్తుంది.

పేరులేని పొడి పొట్లం

"సహజమైనది గనుక హాని లేదు" అనే మాట మీద నాకు కోపమున్నది. గన్నేరు కూడా సహజమైనదే.

ఆకులు, మూలికలతో వైద్యం చేసే చదువుకున్న ఆయుర్వేద వైద్యుల మీద నాకు చిన్నచూపు లేదు. కోయంబత్తూరులో ఆయుర్వేద మందులను మెథోట్రెక్సేట్‌తో పోల్చి చేసిన ఒక చిన్న పరిశోధన 2011లో వెలువడింది. నలభై మందికి పైగా రోగులు పాల్గొన్నారు. రెండు పద్ధతులలోను మేలు దాదాపు సమానంగా కనిపించింది. అది చిన్నది గనుక దాని మీద పెద్ద మేడ కట్టలేము. కాని ఏ మందు ఇస్తున్నారో వ్రాసి ఉంచి, రోగులను వరుసగా పరీక్షించి చేసిన పని గనుక దానిని గౌరవిస్తాను. నా అభ్యంతరం పేరు, మోతాదు, తయారుచేసినవారి చిరునామా ఏదీ లేకుండా కాగితంలో చుట్టి ఇచ్చే పొడి గురించి.

అటువంటి పొడి వేసుకున్న మర్నాడే నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. మూలికలు ఏవీ అంత త్వరగా పని చేయవు. స్టెరాయిడ్ చేస్తుంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ హెంచ్ మంచం పట్టిన ఒక కీళ్ళవాతం రోగికి మొదటిసారి కార్టిజోన్ ఇచ్చినప్పుడు ఆమె కొద్ది రోజులలోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత కాలంలో దాని కీడు కూడా లోకానికి తెలిసింది. డాక్టరు తక్కువ మోతాదులో, కొద్ది కాలానికి, లెక్క చూసి ఇస్తే అది ఉపకారి. పొట్లంలో దాగి లెక్క లేకుండా ఏళ్ళ తరబడి లోపలికి వెళితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చర్మం కాగితంలా పలచబడి నల్లమచ్చలు పడుతుంది, షుగరు, బి.పి. వస్తాయి, వెన్నుపూస విరుగుతుంది. "పొడి వాడాక ఒళ్ళు చేశాను, బలం వచ్చింది" అని మురిసిపోయే ముఖాలను మేము వార్డులో చూస్తూనే ఉన్నాము. ఆ ఒళ్ళు బలం కాదు.

ఇప్పటికే అటువంటి పొడి వాడుతున్నవారికి ఒక ముఖ్యమైన మాట. భయపడి ఈ రోజే మానేయకండి. పొట్లం వెంట తీసుకొని ఆసుపత్రికి రండి. క్రమంగా ఎలా తగ్గించాలో డాక్టరు చెబుతారు. మిమ్మల్ని ఎవరూ తిట్టరు.

ఆకులో నుండి వచ్చిన మందు కథ

"ఇంగ్లీషు మందు వేడి, మన ఆకులు చలువ" అనేవారికి మన భీమవరం బిడ్డ కథ చెబుతుంటాను. 1895లో అక్కడ పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. ఫోలిక్ ఆమ్లం అనే విటమినును 1941లో పాలకూర నుండి వేరు చేశారు. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుండి దానికా పేరు పెట్టారు. 1945లో సుబ్బారావుగారి బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం కనుగొన్నది. తరువాత అదే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే మందులను తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మొదట రక్త క్యాన్సరుకు వాడిన ఆ మందును తరువాత చాలా తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి వాడారు. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు దానిని అనుమతించింది. 1948లోనే కన్నుమూసిన ఆయన దీనిని చూడలేదు. ఈ రోజు ప్రపంచమంతటా కీళ్ళవాతానికి మొదట వ్రాసే మందు ఇదే. దీనిని పరాయి మందు అని మనమే ఎలా అనగలము?

ఈ మందు వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి మనిషి చనిపోవచ్చు. ఏదో ఒక వారం ఎంచుకొని స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాలతో వ్రాయించుకోండి. డాక్టరు చెప్పిన రోజులలో ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోండి. ఆకుకూరలు మందును చెడగొడతాయనే భయం వద్దు, తినండి. సారాయి, బ్రాందీ మానాలి. రక్తపరీక్షలు చెప్పిన గడువులో చేయించాలి. కోట్రైమాక్సజోల్ బిళ్ళ దీనితో కలిస్తే ప్రమాదం. అందుచేత జ్వరానికి ఎక్కడ మందు తీసుకున్నా ఇది వాడుతున్నట్లు చెప్పండి. గర్భం దాల్చాలనుకునేవారు ముందుగానే డాక్టరుకు చెప్పి ఈ మందును మార్పించుకోవాలి.

ఇంటివారి సహాయమే పెద్ద ఆసరా

సహజమైన వైద్యం అంటే నాకు మొదట గుర్తు వచ్చేది చేతికి విశ్రాంతి. వేళ్ళు వాచిన ఇల్లాలికి ప్రత్యేక పథ్యం వండాలని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. ఆ పథ్యం వండేది మాత్రం ఆ వాచిన చేతులతో ఆవిడే. రుబ్బేది ఆవిడే, తడిబట్టలు పిండేది ఆవిడే, బోరింగు కొట్టి బిందె ఎత్తేది ఆవిడే. ఈ పనులు కీళ్ళ మీద వేసే భారం ముందు వంకాయ ఏపాటి?

అయ్యలారా, అబ్బాయిలారా, బట్టలు పిండడం, నీళ్ళు మోయడం, గిన్నె దించడం మీరు చేయండి. గరిటెలకు, చీపురుకు గుడ్డ చుట్టి పిడి లావు చేయండి. బిందెకు బదులు చిన్న బకెట్లు పెట్టండి. సంచిని వేళ్ళతో కాక ముంజేతికి తగిలించుకొమ్మని చెప్పండి.

ఉదయం గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు చేతులు ఉంచి, నీళ్ళలోనే వేళ్ళను మెల్లగా మూసి తెరవడం బిగుతును సడలిస్తుంది. ఆ నీళ్ళలో వావిలాకు వేసుకోవాలనిపిస్తే వేసుకోండి, ఆముదం రాసుకొని కాపడం పెట్టుకోండి, తప్పు లేదు. కీలు ఎర్రగా, వేడిగా వాచి ఉన్నప్పుడు మాత్రం కాపడం వద్దు, చల్లటి గుడ్డ వేయండి. గట్టిగా మర్దన చేయడం, పట్టు కట్టి నెలల తరబడి కదపకుండా ఉంచడం ఎప్పుడూ మంచిది కాదు. వాపు తగ్గినప్పుడు రోజూ అరగంట నడక, ఫిజియోథెరపీవారు నేర్పిన వ్యాయామం చేయండి. కదిలితే కీళ్ళు అరుగుతాయన్నది తప్పు.

ఆసుపత్రుల వంతు

చివరగా మా వృత్తివారికి ఒక మాట. రోగి "ఏమి తినాలి?" అని అడిగితే, "ఏమైనా తినవచ్చు, తరువాతివారు రండి" అనే జవాబు చాలా ఆసుపత్రులలో వినిపిస్తుంది. పొడి అమ్మేవాడు మాత్రం ఆమెను ప్రక్కన కూర్చోబెట్టుకొని అరగంటసేపు తిండి గురించే మాట్లాడతాడు. నమ్మకం ఎవరి మీద కలుగుతుంది? మనము మాట్లాడని చోటులోనే అతని వ్యాపారం సాగుతున్నది. ప్రతి కీళ్ళవాతం రోగితో నర్సు పది నిమిషాలు కూర్చోవాలని, ఇంటిలో వండేదేమిటో అడిగి ఆ వంటలో నుండే మేలైనది చూపాలని, మెథోట్రెక్సేట్ వేసుకునే వారం ఏదో ఆమె నోటితో చెప్పించాలని నా కోరిక. మందు ఖర్చు, పరీక్షల ఖర్చు భరించలేక మానేసేవారు కూడా ఉన్నారు. సిగ్గుపడి దాచుకోకుండా చెబితే ప్రభుత్వ ఆసుపత్రికి వ్రాసి ఇవ్వడమో, చవక రకం మందు చూడడమో చేయవచ్చు. ఆ మాట వారు చెప్పేటట్లు అడగడం మన పని.

పాఠకులు ఈ వారంలో ఒక పని చేయండి. మీ ఇంటిలో, మీ వీధిలో ఉదయం లేవగానే పిడికిలి బిగించలేక బాధపడుతున్న స్త్రీ ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఆరు వారాలకు మించి వేళ్ళ కణుపులు వాచి ఉంటే ఆమెను వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరికి తీసుకురండి. వచ్చే ముందు ఆమెకు కడుపునిండా పప్పన్నం పెట్టండి.